దిబ్బరొట్టె మీద ఊరు

ఒరేయ్ పిల్లలూ, ఇలా అరుగు మీదకి రండి. ఆ చాప ఓసారి దులిపి వెయ్యవే బుజ్జీ, చీమలున్నట్టున్నాయి. ఇవాళ మిమ్మల్ని టిక్కెట్టు లేకుండా ఇటలీ తిప్పుకొస్తాను. ఇటలీ అనగానే రోమ్, వెనిస్, పక్కకి ఒరిగిన పీసా గోపురం అంటారని తెలుసు. అవన్నీ అందరూ చెప్పేవే. మనం రోమ్‌లో రైలెక్కి ఉత్తరంగా ఫ్లోరెన్స్ దారిన ఓ వంద కిలోమీటర్లు పోదాం. కిటికీలోంచి ఎడమవైపు చూస్తూ ఉండండి. పొలాలు, ద్రాక్షతోటలు, ఓ చిన్న నది, వాటి మధ్య ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేచిన బండ కనిపిస్తుంది. బండ చుట్టూ గోడలాంటి కొండచరియ, నెత్తి మీద మాత్రం చదును. ఆ చదును మీద ఓ ఊరు ఊరంతా కూర్చుని ఉంటుంది. ఇళ్ళ కప్పుల మధ్యలోంచి పెద్ద చర్చి తల బయటపెట్టి చూస్తుంటుంది. అదే ఓర్వియేటో. ఉంబ్రియా అనే ప్రాంతంలో ఉంది.

అక్కడికి వెళ్ళినవాళ్ళంతా చర్చి చూస్తారు, ఫొటో దిగుతారు, వచ్చేస్తారు. చర్చి చూడొద్దని నేననను. కానీ ఆ ఊళ్ళో అసలు కథ నీళ్ళది. చర్చి, భవనాలు, సొరంగాలు, ఆఖరికి ఊరెక్కే బండి కూడా, దేని వెనక చూసినా నీళ్ళే కనిపిస్తాయి. అదెలాగో చెబుతాను.

ముందు ఆ బండ ఎలా వచ్చిందో చూద్దాం. ఓర్వియేటోకి దగ్గర్లోనే బోల్సేనా అని పెద్ద సరస్సుంది. ఇవాళ జనం హాయిగా పడవల్లో తిరుగుతారు గానీ, ఒకప్పుడు ఆ చోటంతా అగ్నిపర్వతాలే. సుమారు 3 లక్షల ఏళ్ళ కిందట అక్కడ పెద్ద పేలుడు జరిగింది. లావా మెల్లగా కారడం కాదురా, నిప్పుల్లాంటి బూడిద, రాతిముక్కలు, ఆవిరి అన్నీ కలిసి నేలబారున దూసుకొచ్చాయి. వచ్చి పల్లంలో దట్టంగా పేరుకుని, చల్లారి, గట్టిపడి రాయయిపోయాయి. దాన్ని ఇటాలియన్లు టూఫో అంటారు. ఆ టూఫో కింద ఏముందనుకున్నారు? బంకమట్టి. అంతకుముందెప్పుడో అక్కడ సముద్రం ఉండేది, ఆ సముద్రం అడుగున పేరుకున్న మట్టి అది.

మీ అమ్మమ్మ చేసే దిబ్బరొట్టె ఉంది చూశారూ, మందంగా, పైన కరకరలాడుతూ, లోపలంతా సన్నసన్న రంధ్రాలతో? తడి బంకమట్టి ముద్ద మీద ఓ దిబ్బరొట్టె పెట్టామనుకోండి, అదే ఓర్వియేటో. రొట్టె పొడుగు కిలోమీటరున్నర, వెడల్పు 700 మీటర్లకి అటూ ఇటూ. అంచు మందం కొన్నిచోట్ల 50 మీటర్లు దాటుతుంది. ఇప్పుడా రొట్టె మీద చెంబుడు నీళ్ళు పోస్తే ఏమవుతుంది? రంధ్రాల్లోంచీ పగుళ్ళలోంచీ కిందకి దిగిపోతాయి. అడుగున బంకమట్టి ఉందిగా, అది చుక్కని కూడా కిందకి వదలదు. దాంతో నీళ్ళు ఆ రెంటి నడుమ పక్కకి పాకి, కొండ మొదట్లో ఊటలై బయటికొస్తాయి.

కష్టం ఎక్కడొచ్చిందో చూశారా? కొండ మీద ఊరుంటే శత్రువు ఎక్కలేడు, అది లాభం. కురిసిన వాన నిలవదు, అది నష్టం. ఊరు పైన, ఊట కింద. రెండున్నరవేల ఏళ్ళుగా ఆ ఊరివాళ్ళు చేసిందంతా ఈ లెక్క సరిచేసుకోవడమే.

మొదట అక్కడున్నవాళ్ళు ఎట్రుస్కన్లు. రోమన్ల కంటే ముందే ఆ నేలని ఏలినవాళ్ళు. వాళ్ళు బావులు తవ్విన తీరు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మన బావుల్లా గుండ్రంగా, పెద్దగా ఉండవు. ఓ మనిషి మాత్రమే పట్టే నాలుగు మూలల గొయ్యి, ఇంచుమించు 80 సెంటీమీటర్లు ఒకవైపు, 120 ఇంకోవైపు. ఎదురెదురు గోడల్లో వరసగా చిన్న చిన్న గూళ్ళు చెక్కారు. ఎడమ కాలు ఎడమ గూట్లో, కుడి కాలు కుడి గూట్లో పెట్టి, ఒళ్ళంతా బిగబట్టుకుని అలా దిగిపోవడమే. తాడక్కర్లేదు, నిచ్చెనక్కర్లేదు. కొన్ని బావులు 30 మీటర్లు దాటి దిగాయి. వద్దురా చంటీ, నువ్వు మన వాటర్ ట్యాంకు మీద ఆ ప్రయోగం చెయ్యకు.

క్రీస్తుపూర్వం 264లో రోమన్లు వచ్చి ఆ ఊరిని నాశనం చేశారు. బతికినవాళ్ళని బోల్సేనా సరస్సు ఒడ్డుకి తరిమేశారని చరిత్రకారులంటారు. తవ్విన బావులు మాత్రం అలాగే ఉండిపోయాయి. మధ్యయుగంలో మళ్ళీ జనం చేరాక వాటిలో కొన్నిటిని శుభ్రం చేసుకుని వాడుకున్నారు, కొన్నిటిని చెత్తకుండీలు చేశారు. ఆ చెత్తలో పడ్డ మట్టిపాత్రల పెంకులే ఇవాళ మ్యూజియంలో అద్దాల వెనక కూర్చున్నాయి. చెత్త కూడా ఏడెనిమిది వందల ఏళ్ళు ఓపిక పడితే గౌరవం దక్కుతుందన్నమాట.

టూఫోకి ఇంకో సుగుణం ఉంది. గొడ్డలిలాంటి పనిముట్టు ఉంటే చాలు, చక్కగా తెగుతుంది. అందుకని ఇల్లు కట్టాలనుకున్నవాడు రాయి కోసం బండి కట్టుకుని ఎక్కడికీ పోలేదు. తన కాళ్ళ కిందే తవ్వాడు. తవ్విన రాళ్ళతో పైన ఇల్లు లేచింది, మిగిలిన గొయ్యి నేలమాళిగ అయింది. అలా తరాలపాటు తవ్వగా తవ్వగా ఊరి కింద ఇప్పుడు సుమారు 1,200 గుహలు లెక్కకొచ్చాయి. పైన ఎంత ఊరుందో కింద అంత ఊరు. ఒక గుహలో ఆలివ్ నూనె తీసే గానుగ ఉంది, తిరగలి రాళ్ళతో సహా. ఎన్నో గుహలు ద్రాక్షసారా దాచే కొట్లు. ఎండాకాలం వేడి నేలలోకి కొంత దూరమే దిగుతుంది. పది పదిహేను మీటర్ల లోతుకి వెళితే ఏడాది పొడుగునా ఒకటే చల్లదనం. ఓర్వియేటో తెల్ల వైను అంత పేరు తెచ్చుకోవడానికి ఆ కరెంటు లేని ఫ్రిజ్ కూడా ఓ కారణం.

కొండ అంచునున్న గుహల్లో అయితే గోడల నిండా అరచేయంత గూళ్ళు, వందలకి వందలు, వరసలు తీర్చి ఉంటాయి. పుస్తకాలు పెట్టుకోడానికనుకున్నారా? పావురాలకి. గుహకి లోయవైపు ఓ కిటికీ తెరిచి ఉంచేవాళ్ళు. పావురాలు పొద్దున్నే పొలాల మీదకెళ్ళి వాటి తిండి అవే తిని సాయంత్రానికి గూటికొచ్చేవి. శత్రువులు చుట్టూ ముట్టడి వేసినా పావురాన్ని ఆపలేరుగా! గింజ ఖర్చు లేకుండా ఇంటికి మాంసం.

గుహలు తవ్వేటప్పుడు రాయితోపాటు రాయిగా గట్టిపడని బూడిద కూడా దొరికేది. దాని పేరు పొజ్జోలానా. ఇది మామూలు బూడిద కాదు. ఉత్త సున్నం గాలిలో ఉండే కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా పీల్చుకుని గట్టిపడుతుంది. గాలి తగలకపోతే గట్టిపడదు, కాబట్టి నీళ్ళలో కట్టడానికి పనికిరాదు. ఈ అగ్నిపర్వతపు బూడిద కలిపితే అందులోని సిలికా సున్నంతో కలిసి నీళ్ళలో కూడా రాయిలా బిగుస్తుంది. రోమన్లు సముద్రంలో రేవులు కట్టింది ఈ కిటుకుతోనే. మన పాత మేస్త్రీలు గానుగ సున్నంలో ఇటుకపొడి కలిపేవాళ్ళు, గుర్తుందా, మన పాతింటి గోడ పగలగొట్టినప్పుడు ఎర్రగా వచ్చింది? కాల్చిన మట్టిలో కూడా ఆ సిలికానే పనిచేస్తుంది. మన దగ్గర అగ్నిపర్వతం లేదు, బట్టీ ఉంది.

ఇప్పుడు పైకి వద్దాం. ఊరి నడిబొడ్డున పలాజ్జో దెల్ పోపోలో అని 13వ శతాబ్దపు భవనం ఉంది. ప్రజల భవనం అన్నమాట. గోధుమరంగు టూఫో గోడలు, బయటి నుంచి ఎక్కే పెద్ద మెట్లు, మేడ మీద సభలు జరిగే హాలు. దాన్ని బాగుచేస్తుంటే అడుగున ఏం దొరికాయో తెలుసా? ఎట్రుస్కన్ల గుడి పునాదులు, మధ్యయుగపు నీటికాలువ, ఓ నీళ్ళ తొట్టి. చూశారా, మళ్ళీ నీళ్ళే! దగ్గర్లోనే టోర్రె దెల్ మోరో అని 47 మీటర్ల బురుజు. దర్జాగా కోట బురుజులా నిలబడుతుంది గానీ 19వ శతాబ్దంలో ఊరికి కొత్త నీటి పథకం వచ్చినప్పుడు అందులోనే ట్యాంకు పెట్టారు. నీళ్ళు ఎత్తునుంటేనే కదా ఇళ్ళకి పారేది. మన ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు చేసే పనే, వేషం మాత్రం రాజుగారిది.

చర్చిలు బోలెడున్నాయి. కొండ పడమటి అంచున సాన్ జోవెనాలె ఉంది, 1004లో మొదలైన పాతది, చిన్నది. సాంతాంద్రియా చర్చికి పన్నెండు ముఖాల గోపురం. అవన్నీ తిప్పుతూ పోతే మీకు నిద్రొస్తుంది, నాకు గొంతెండుతుంది. పెద్ద చర్చి దగ్గరికే పోదాం.

దాన్ని దువోమో అంటారు. 1290 నవంబర్‌లో నాలుగో నికొలస్ పోపు శంకుస్థాపన చేశాడు. పూర్తవడానికి తరాలు పట్టింది. ముందువైపు గోడంతా బంగారు మొజాయిక్కులు, శిల్పాలు, మధ్యలో గుండ్రటి పెద్ద కిటికీ, సాయంత్రపు ఎండ పడితే కళ్ళు చెదిరిపోతాయి. కానీ నేనైతే మిమ్మల్ని పక్క గోడ దగ్గరికి తీసుకెళతాను. అది అడ్డచారల గోడ. ఒక వరస తెలుపు, ఒక వరస నలుపు, కింది నుంచి పై దాకా. నల్లది బసాల్ట్, అంటే లావా నెమ్మదిగా పారి గట్టిపడ్డ రాయి. తెల్లది ట్రావర్టీన్, అది నీళ్ళు కన్న రాయి. భూమిలోంచి వచ్చే ఊటనీళ్ళలో సున్నపురాయి కరిగి ఉంటుంది. బయటికి రాగానే అందులోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, సున్నం కరిగి ఉండలేక పొరలు పొరలుగా పేరుకుంటుంది. మన బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా గట్టిగా పట్టేది కూడా ఆ పదార్థమే. మీ అమ్మ చింతపండు పెట్టి తోమి వదిలిస్తుంది, వాళ్ళు దాంతో దేవుడి ఇల్లు కట్టారు.

ఆ చర్చి కట్టేటప్పుడు గోడలు నిలవవేమోనని భయపడి 1310 ప్రాంతంలో సియెనా నుంచి లొరెంజో మైతానీ అనే మేస్త్రీని పిలిపించారు. ఆయన బయట ఊతగోడలు కట్టించాడు, ముందు గోడ నమూనా గీశాడు, 1330లో పోయేదాకా ఆ పని వదల్లేదు. ముందు గోడకి కిందివైపు నాలుగు వెడల్పాటి రాతి పలకలున్నాయి, కంటి ఎత్తులోనే. ఎడమ చివర సృష్టి కథ, కుడి చివర అంతిమ తీర్పు. సృష్టి పలకలో ఓ బొమ్మ దగ్గర నిలబడి చూడాలి. ఆదాము ఒత్తిగిలి నిద్రపోతుంటాడు, దేవుడు వంగి వాడి పక్కలోంచి ఎముక తీస్తుంటాడు. చదువురాని రైతు కూడా సంతకొచ్చి ఆ కథ చదువుకుపోయేవాడు.

ఆ చర్చి కథలో ఇంకో ముచ్చట ఉంది. 1263లో బోల్సేనాలో ఓ పూజారి పూజ చేస్తుంటే చేతిలోని రొట్టె నుంచి రక్తం చుక్కలు కిందనున్న గుడ్డ మీద పడ్డాయని చెబుతారు. ఆ గుడ్డ ఇప్పటికీ ఓర్వియేటో చర్చిలో ఉంది. ఆ మరుసటేడు నాలుగో అర్బన్ పోపు ఓర్వియేటో నుంచే కోర్పుస్ క్రిస్తి పండగని ప్రకటించాడు. ఇది నమ్మేవాళ్ళ భక్తి, మనం వాదనకి దిగక్కర్లేదు. కానీ సైన్సు వైపు నుంచి ఓ కబురు చెప్పాలి. 1819లో పాదువా దగ్గర ఓ పల్లెలో మొక్కజొన్న సంకటి మీద రక్తంలా ఎర్ర మచ్చలు లేచాయి. జనం హడలిపోయారు. బార్తొలొమియో బిజియో అనే ఆయన ఆ సంకటి కొంచెం తీసుకుని కొత్త సంకటికి అంటించి, తేమగా వెచ్చగా ఉంచాడు. కొత్తది కూడా ఎర్రబడింది! అంటే అది శాపం కాదు, పెరిగేదేదో ఉందన్నమాట. దానికి సెర్రాషియా అని పేరు పెట్టాడు. ఇప్పుడు మనం దాన్ని బాక్టీరియా అంటాం. పిండిపదార్థం మీద, తేమలో ఎర్రరంగు పుట్టిస్తుంది. బోల్సేనాలో జరిగింది కూడా ఇలాంటిదేమోనని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ. నాకు బిజియో పని నచ్చుతుంది. ఊరంతా వణుకుతుంటే ఆయన ఇంకో పళ్ళెంలో సంకటి వండి పెట్టాడు చూడండి!

చర్చి లోపల కుడివైపు సాన్ బ్రిజియో మందిరం ఉంది. 1447లో ఫ్రా ఆంజెలికో కప్పు మీద కొంచెం బొమ్మలు వేసి వెళ్ళిపోయాడు. యాభై ఏళ్ళు అది అలాగే ఉండిపోయింది. 1499లో లూకా సిన్యొరెల్లి వచ్చి నాలుగైదేళ్ళలో గోడలన్నీ నింపేశాడు. నేలలోంచి అస్థిపంజరాలు లేస్తూ ఒంటి మీదకి కండ తెచ్చుకుంటుంటాయి, దెయ్యాలు మనుషుల్ని పట్టి ఈడుస్తుంటాయి. ఓ మూల నల్లబట్టల్లో తన బొమ్మ, పక్కన ఫ్రా ఆంజెలికో బొమ్మ కూడా వేసుకున్నాడు. ఈ బొమ్మలు తడి సున్నం మీద వేస్తారు. సున్నం ఆరేలోగా రంగు వెయ్యాలి, లేకపోతే అంటదు. అందుకే చిత్రకారుడు ఒక రోజుకి ఎంత గోడ చెయ్యగలడో అంతే మెత్తించుకుంటాడు. సున్నం గాలి పీల్చి రాయవుతూ రంగుని తనలో పట్టేసుకుంటుంది. అయిదొందల ఏళ్ళయినా చెక్కుచెదరకుండా ఉన్నాయంటే అదే కారణం.

ఇక బావి. ఇందాకటి నుంచి దీని కోసమే ఆగాను.

1527లో చక్రవర్తి అయిదో చార్లెస్ సైనికులు రోమ్ మీద పడి దోచుకున్నారు. ఏడో క్లెమెంట్ పోపు నెలల తరబడి కోటలో చిక్కుకుని, డిసెంబరులో తప్పించుకుని ఓర్వియేటో చేరాడు. కొండ మీద ఊరు, ఎవరూ ఎక్కలేరు, బాగానే ఉంది. ముట్టడి వేస్తే తాగడానికి నీళ్ళో? అదీ ఆయన బెంగ. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ తన పెళ్ళి రద్దు చెయ్యమని దూతల్ని పంపింది కూడా ఆ ఊరికే, 1528లో. రాజుగారి గొడవ ఆయనది, పోపుగారి దాహం ఈయనది.

ఆంతోనియో దా సాంగల్లో అనే వాస్తుశిల్పికి పని అప్పజెప్పారు. ఆయన వేసిన ఎత్తు వినండి. తాడుతో తోడితే ఒక్కొక్క చేదే వస్తుంది. ఊరంతటికీ సరిపోవాలంటే కంచరగాడిదలు దిగి నీళ్ళు మోసుకుని పైకి రావాలి. దిగేవి, ఎక్కేవి ఒకే మెట్ల మీద ఎదురుపడితే? కంచరగాడిద మొండిపట్టు పడితే మీకు తెలుసుగా. అందుకని ఒకే బావి చుట్టూ రెండు మెట్లదారులు కట్టాడు. ఒక సీసా తీసుకుని ఎర్రదారం ఒకటి, తెల్లదారం ఒకటి పక్కపక్కన చుట్టుకుంటూ రండి. రెండూ సీసా అడుగుదాకా దిగుతాయి, ఎక్కడా ఒకదాన్నొకటి దాటవు. అంతే! ఒక గుమ్మంలోంచి దిగి, అడుగున చిన్న వంతెన దాటి, ఇంకో దారిన ఎదురు గుమ్మంలోంచి బయటికి రావడం. ఒక్కో దారికి 248 మెట్లు. గాడిద కాలు జారకుండా వెడల్పుగా, తక్కువ ఎత్తులో ఉంటాయి. బావి లోతు 53 మీటర్లకి పైనే, వెడల్పు 13 మీటర్లు.

మరి లోపల దీపాలో? అక్కర్లేదు. నడిమి గొట్టం చుట్టూ 70 దాకా కిటికీలు తెరిచాడు. పైనుంచి పడ్డ వెలుగు ఆ గొట్టంలోంచి కిటికీల ద్వారా మెట్ల మీదకొస్తుంది. దిగుతూ పోతే కిటికీ కిటికీకీ వెలుగు తగ్గి, గోడ మీద పచ్చటి పాచి మొదలవుతుంది. ఎండలో వచ్చినవాడికి సగం దిగేసరికి ఒళ్ళు చల్లబడుతుంది. ఓ కిటికీలోంచి తొంగిచూస్తే ఎదురుగా ఇంకో దారిలో ఎక్కుతున్నవాళ్ళు కనిపిస్తారు, మనవైపే నడుస్తున్నట్టుంటారు గానీ ఎప్పటికీ మన దగ్గరికి రారు. పైన గోడ టూఫోని తొలిచింది. దిబ్బరొట్టె దాటి కిందకి పోయాక మాత్రం నేల తనంతట తాను నిలవదు, అందుకని ఇటుక కట్టారు. ఇందాక చెప్పానే, నీళ్ళు ఆగేది రొట్టె అడుగున మట్టి దగ్గరని? ఆ ఊట దొరికేదాకా తవ్వారన్నమాట. పని 1537లో పూర్తయింది. ఈలోగా 1534లోనే పోపు కన్నుమూశాడు. ఎవరి కోసం తవ్వారో ఆయన ఆ పని పూర్తవడం చూడనేలేదు. తరవాత దానికి సెయింట్ పాట్రిక్ బావి అని పేరు స్థిరపడింది. పాట్రిక్ ఐర్లండు మహాత్ముడు, ఆయనకీ ఈ ఊరికీ ఏ సంబంధమూ లేదు.

బావికి నాలుగడుగుల్లోనే కేబుల్ బండి ఆగే చోటుంది. కింద రైల్వేస్టేషను, పైన ఊరు, మధ్యలో ఏటవాలు. 1888లో అదోల్ఫో కోజ్జా అనే ఇంజినీరు రెండు పెట్టెల్ని ఒకే తాడుకి కట్టి, పైనున్న పెట్టె కింద తొట్టిలో నీళ్ళు నింపాడు. బరువెక్కిన పెట్టె కిందకి జారుతూ రెండోదాన్ని పైకి లాగేది. కిందకెళ్ళాక నీళ్ళు వదిలేసి, పైకొచ్చినదాన్ని నింపేవాళ్ళు. బొగ్గు లేదు, ఆవిరి లేదు. 1970లో అది ఆగిపోయింది. 1990లో మళ్ళీ మొదలైంది గానీ కరెంటుతో. నాకు ఆ పాతదే ఇష్టం, కానీ నన్నెవరు అడిగారు!

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నీళ్ళు చేసిన కీడు కూడా చెప్పాలి. ఇంటింటికీ కుళాయిలొచ్చాయి. వాడిన నీళ్ళు పాత కాలువల్లోంచి కారి కొండలోకి దిగాయి. దిగి దిగి అడుగు బంకమట్టిని నానబెట్టాయి. నానిన మట్టి ఉబ్బి మెత్తబడి జారితే దాని మీది రొట్టె అంచులు ఏం ఆనుకుంటాయి? పగుళ్ళు తీసి పెద్ద పెద్ద బండలే ఊడి పడ్డాయి. ఇలాగే వదిలేస్తే దువోమో కూడా మిగలదని 1978లో ఇటలీ ప్రభుత్వం ఓర్వియేటో, తోది అనే ఈ రెండు కొండ ఊళ్ళని కాపాడడానికి ప్రత్యేక చట్టమే చేసింది. కాలువలు, పైపులు మార్చారు. చరియల్లోకి పొడుగాటి ఉక్కు కడ్డీలు దించి సిమెంటుతో బిగించారు. గుహలు కూలకుండా ఊతాలిచ్చారు. ఎక్కడెక్కడ పగులు విచ్చుకుంటోందో కొలిచే పరికరాలు పెట్టారు.

ఇప్పుడు కొండ మొదట్లో చుట్టూ తిరిగి రావడానికి కాలిబాట ఉంది. మీలో ఎవరైనా పెద్దయి అటు వెళితే పైన చర్చి చూడ్డం అయ్యాక ఆ బాట పట్టండి. తలెత్తి చూస్తే గోధుమరంగు టూఫో ఎక్కడ ఆగిపోయి బూడిదరంగు మట్టి ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. రాతిలో బిగించిన ఉక్కు కడ్డీల తలలు కూడా కనిపిస్తాయి, కాస్త ఓపిగ్గా వెతికితే.